ఓబులేసు తెచ్చిన పద్నాలుగు

ఓబులేసు బాధంతా ఒక అంకె గురించి. ఆ అంకె పద్నాలుగు.

దేవుణ్ణి చూపించమని, జన్మ తరింపజేయమని గురువు కాళ్ళమీద పడేవాళ్ళను నేను చానామందిని చూసినాను. లీటరు డీజిలుకు పద్నాలుగు కిలోమీటర్లు రావడం లేదని పడినవాణ్ణి మాత్రం ఈయప్పనొక్కణ్ణే చూసినాను.

నేను కుళ్ళాయమ్మను. కోన మఠంలో వంటిల్లు నాది. నా నోరు పెద్దదంటారు. అననీ. ఆ నోటితోనే ఇది చెప్తాండా, ఇష్టమైతే వినండి.

మా గురువు నాంచారవ్వ. ఎనభై దాటిన మనిషి. అవ్వ ఉపన్యాసం చెప్పగా మాలో ఎవరూ వినలేదు. ఏమన్నా అడిగితే “ఊఁ” అంటాది, అంతే. మర్నాడు ఏదో ఒక పని చెప్తాది. ఆ పని చేసుకుంటా పోతే మనం అడిగిందానికి జవాబు యాడో ఒకచోట తగులుతాది. తగలకపోతే మళ్ళ పోయి అడగొచ్చు. అవ్వ విసుక్కోదు. విసుక్కునే పని నాకు వదిలిపెట్టింది.

ఓబులేసు మా కాడికొచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అంతకుముందు ఆర్టీసీలో డ్రైవరు. డీజిలు పొదుపు చేయడంలో ఆయప్పకు పెద్ద పేరు. డిపో గేటు కాడ బోర్డు మీద ఫోటో వేసినారంట, పెద్ద ఆఫీసరొచ్చి శాలువా కప్పినాడంట. “ఓబులేసు కాలు పెడితే డీజిలు తాగే బస్సు కూడా నీళ్ళు తాగినట్టు పోతాది” అని తోటి డ్రైవర్లు అనేవాళ్ళంట. ఈ మాట మాకు రోజుకొకసారి చెప్పేవాడు. నేను సంకటి గెలుకుతా “ఊఁ, ఊఁ” అనేదాన్ని.

నవ్వుకునేదాన్ని గానీ, లోపల జాలిగానే ఉండేది. పిల్లల్లేరు. భార్య జబ్బుతో పోయింది. ఆ ఇంట్లో ఒక్కడే ఉండలేక గడువుకు ముందే ఉద్యోగానికి దండం పెట్టి మా కాడికొచ్చినాడు. వచ్చేటప్పుడు రెండు జతల గుడ్డలు తెచ్చుకున్నాడు, ఆ పేరు తెచ్చుకున్నాడు. ఇంకేం లేదు ఆయప్ప దగ్గర.

అట్ల ఉండగా మఠానికి బండి వచ్చింది.

బళ్ళారి దిక్కు రాళ్ళ వ్యాపారం చేసే భక్తుడొకాయన అవ్వకు మొక్కుకొని, తాళంచెవి తెచ్చి పాదాల కాడ పెట్టినాడు. పికప్ బండి. మా పల్లెల్లో కూరగాయలు తోలే చిన్న పికప్పు అనుకునేరు. అది కాదు. ముందర ఐదుమంది కూర్చునే గది, వెనక పెద్ద తొట్టి, నా నడుమెత్తు టైర్లు. మఠం గేటులో పట్టక ఒక స్తంభం పడగొట్టాల్సొచ్చింది. స్టార్టు చేస్తే నా వంటింట్లో గిన్నెలు గలగలమనేవి.

బండితో పాటు రంగుల కాగితం ఒకటి ఇచ్చినారు. దాంట్లో రాసిండేది, లీటరుకు పద్నాలుగు అని. ఓబులేసు ఆ కాగితాన్ని మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

“పద్నాలుగు అంటాండారు అవ్వా. నా చేతిలో పదిహేను ఇస్తాది చూడు,” అన్నాడు.

అవ్వ “ఊఁ” అనింది. మర్నాటి నుంచి కొండమీది ఇప్పలగూడేనికి నీళ్ళు తోలమనింది.

ఇప్పలగూడెం మేకలోళ్ళ గూడెం. పదిపన్నెండు గుడిసెలు. ఆ ఎండాకాలం వాళ్ళ చెలమ ఎండిపోయింది, బోరు ఎప్పుడో మూలపడింది. మఠంలో నీళ్ళుండాయి గానీ గూడెం కొండమీద. దోవంతా మలుపులు, ఎక్కుడు. అందుకని బండి వెనక నీలం డ్రమ్ములు ఐదు పెట్టి, మోటరేసి నింపి, రోజూ పొద్దున ఓబులేసు తీసుకుపోవాల. గూడెమోళ్ళు హారన్ వింటానే బిందెలతో వస్తారు. తాగడానికి, వండుకోవడానికి, మేకపిల్లలకు, అన్నిటికీ ఆ నీళ్ళే.

మొదటి వారం తిరిగినాక ఓబులేసు ట్యాంకు గొంతుదాకా నింపించి లెక్క చూసుకున్నాడు. ఎనిమిది కూడా సరిగా రాలేదు.

ఆ పూట సంకటి ముట్టలేదు. “బంకులో కొలత తప్పుండాదేమో అక్కా,” అన్నాడు. బంకు మార్చినాడు. అంతే వచ్చింది. టైర్లలో గాలి చూపించినాడు. ఫిల్టరు మార్పించినాడు. మెకానిక్ వచ్చి బండి కిందా మీదా చూసి, అంతా బాగుండాదని చెప్పి టీ తాగి పోయినాడు.

“అంటే తప్పు నా కాలిదే,” అన్నాడు ఓబులేసు.

అక్కడి నుంచి మొదలైంది తపస్సు. నేను తపస్సనే అంటా, ఇంకేమనాల దాన్ని!

చెప్పులు బరువని ఉట్టికాళ్ళతో తోలడం మొదలుపెట్టినాడు. ఎండకు కాలిన పెడల్ మీద పెట్టి పెట్టి అరికాలు బొబ్బలెక్కింది. అవ్వ ఆ కాలు తన ఒళ్ళో పెట్టుకొని ఆముదం రాసింది. రాసినంతసేపూ ఓబులేసు సిగ్గుతో తల దించుకొని కూర్చున్నాడు, మర్నాడు మళ్ళ ఉట్టికాళ్ళతోనే ఎక్కినాడు.

ఆ తర్వాత బండిలో బరువు తీసేసే పని పెట్టుకున్నాడు. వెనక సీటు విప్పి నా వంటింటి ముందర వేసినాడు. జాకీ తీసేసినాడు. స్టెప్నీ తీసేసినాడు. దిష్టికని ముందర కట్టిన నిమ్మకాయను కూడా విప్పి పారేసినాడు.

“నిమ్మకాయ ఎంత బరువుంటాది రా నాయనా!” అన్నాను.

“అదీ బరువే కదక్కా.”

దోవలో చెయ్యెత్తినవాళ్ళకు ఆపడం మానేసినాడు. ఆపి మళ్ళ కదిలిస్తే డీజిలు ఎక్కువ తాగుతాదంట. రవ్వంత నెమ్మది చేసి, “పరిగెత్తి ఎక్కండి, పరిగెత్తి ఎక్కండి!” అని కిటికీలోంచి అరిచేవాడు. గొంగడి భుజాన వేసుకొని, కర్ర పట్టుకొని, ముసలోళ్ళు బండి ఎనకాల పరిగెత్తడం చూసి మఠానికొచ్చే భక్తులు నోరెళ్ళబెట్టినారు. దిగుడులో గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలేసేవాడు. అది తెలిసి నేను కేకలేసినాను. కొండ దోవలో అట్ల వదిలితే బ్రేకులు కాలి లోయలో పడతావు, నీ పద్నాలుగును యముడికి చెప్పుకో పో అన్నాను. అది ఒక్కటి మానుకున్నాడు.

చివరికి రాత్రి బువ్వ మానేసినాడు. ఒళ్ళు తగ్గితే బండికి బరువు తగ్గుతాదంట! పొద్దంతా పొయ్యి కాడ ఉడికి నేను వండిన సంకటి, ఊరిబిండి పచ్చడి అట్లనే ఉండిపోయేది. నాకు మండింది. వారం తిరిగేసరికి బుగ్గలు లోపలికి పోయినాయి. లీటరుకెంతో చూపించే బండి మీటరు మాత్రం ఎనిమిది కాడనే కూర్చుంది.

ఇంతవరకూ అది ఆయప్ప పిచ్చి, ఆయప్ప ఒళ్ళు. నేను తిట్టినా నవ్వుతానే తిట్టినాను. ఆ తర్వాత చేసిన పనికి నవ్వలేదు.

ఒక పొద్దున మోటరు కాడికి పోతే, డ్రమ్ములు సగం కూడా నిండకముందే పైపు తీసేస్తాండాడు.

“ఏంది ఇది? నింపు!”

“మలుపుల్లో తొణికి పోతాయి అక్కా. కారిపోయే నీళ్ళను ఎందుకు మోసేది?”

“ఎన్నాళ్ళుగా సగం తోలుతాండావు?”

పైపు చుట్టి పక్కన పెట్టి బండెక్కినాడు. ఆ పూట తొమ్మిదిన్నర ఇచ్చిందని ఈల వేసుకుంటా వచ్చినాడు. ఆ మనిషి ఈల వేయగా వినడం నాకు అదే మొదలు. ఒకపక్క కోపం, ఒకపక్క ఏడుపు వచ్చినాయి నాకు. పోయి అవ్వకు చెప్పినాను. అవ్వ “ఊఁ” అనింది.

ఆ సాయంత్రమే గూడెం నుంచి అంకన్న అనే మేకలాయన దిగొచ్చినాడు. లింగమ్మ కబురు పంపించింది. లింగమ్మ ఆ గూడేనికి పెద్దదిక్కు, మంత్రసాని కూడా. ఆమె మనవరాలు ఈరమ్మ తొలికాన్పు ఆమె చేతులమీదే అయింది. ఆడపిల్ల పుట్టింది.

“పురుడు ఆగిపోయింది అవ్వా,” అన్నాడు అంకన్న. “దినం దాటిపోయింది. బాలింతకు వావిలాకు నీళ్ళు కాచి పోయాల కదా, కాగు నిండా కావాల. గుడిసె కడగాల, గుడ్డలు ఉతకాల. తాగడానికే చాలడంల్యా. పురుడు కాందే బిడ్డను ఉయ్యాల్లో ఎయ్యరు, పేరు పెట్టరు. లింగమ్మ రేపు ఎట్లయినా చేద్దామంటాంది. రేపు రవ్వంత ఎక్కువ నీళ్ళు పంపిస్తారేమో అడిగి రమ్మనింది.”

“నీళ్ళు తగ్గినాయని ఒక్కరన్నా చెప్పలేదేం?” అన్నాను.

“పుణ్యానికి పోసే నీళ్ళు. తక్కువైనాయని ఎట్ల అడిగేది తల్లీ?” అన్నాడు అంకన్న.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఓబులేసు బండి కడుగుతా దూరంగా ఉండాడు. పోయి చెవి మెలి పెట్టి తీసుకొద్దామని లేచినాను. అవ్వ నా చీర కొంగు పట్టుకొని కూర్చోబెట్టింది. అంకన్నకు బువ్వ పెట్టి, “రేపు నీళ్ళొస్తాయి” అని చెప్పి పంపింది.

దీపాలు పెట్టే వేళకు ఓబులేసు తానే వచ్చి అవ్వ ముందర కూర్చున్నాడు. రంగుల కాగితం తీసి నేలమీద పరిచినాడు. మడతల కాడ చినిగిపోయింది అది.

“అవ్వా, పద్నాలుగు అని రాసిచ్చినారు. సగం బరువు తగ్గించినా పది దాటడం లేదు. బండి బాగుండాది. అంటే నేనే పనికిరాకుండా పోయినాను. అక్కడ అంత పేరు తెచ్చుకున్నోణ్ణి, ఇక్కడ నీ పనిలోకొచ్చేసరికి ఎందుకు ఇట్లయింది? నేను పోతా అవ్వా. ఇంకో డ్రైవరును పెట్టుకో.”

అవ్వ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకొని తిప్పి తిప్పి చూసింది.

“పద్నాలుగు కావాల్నా నీకు?”

“కావాల అవ్వా.”

“సరే. తెల్లారి పోయి తెచ్చి నాకు చూపించు. యాడ తిప్పుతావో, ఎట్ల తిప్పుతావో నీ ఇష్టం.”

మర్నాడు వెలుతురు రాకముందే బండి కదిలింది. డ్రమ్ములన్నీ దించేసినాడు. కొండ దిక్కు పోలేదు. కిందికి, నంద్యాల పోయే పెద్ద రోడ్డుకు పోయినాడు. గీత గీసినట్టు ఉంటాది ఆ రోడ్డు. ఏసీ వేయకుండా, బ్రేకు ముట్టకుండా, ఒకటే వేగంతో పోయి, అట్లనే తిరిగి వచ్చి, బంకులో గొంతుదాకా నింపి లెక్క కట్టినాడు.

నేను పొయ్యి రాజేసేసరికి హారన్ కొట్టుకుంటా వచ్చినాడు.

“అవ్వా! పద్నాలుగు! పద్నాలుగు మీద ఇంకా రవ్వంత!”

ఆ మొగం చూడాల మీరు. పదేండ్ల వయసు తగ్గినట్టుండాడు. బండిలోంచి దూకి అవ్వ కాళ్ళమీద పడినాడు. నేనేమో అవ్వ రెండు చీవాట్లు పెడుతుందని కాచుకొని నిలబడినాను. అవ్వ బోసినోటితో నవ్వింది. నా బెల్లం డబ్బా తెప్పించి, పెద్ద ముక్క ఆయప్ప నోట్లో పెట్టింది.

“గట్టోడివే,” అనింది. “తెచ్చినావు కదా. ఇంక దాన్ని తీసుకుపోయి గూడెమోళ్ళకు ఇచ్చిరా పో.”

ఓబులేసు బెల్లం నములుతా నవ్వినాడు. గూడెమోళ్ళకు కూడా ఈ సంగతి చెప్పి రమ్మంటాంది అవ్వ అనుకున్నాడు పిచ్చోడు. “ఇప్పుడే పోతా అవ్వా” అని ఎక్కినాడు. డ్రమ్ములు మోటరు కాడ వరసగా ఉండాయి. వాటి పక్కనుంచే తిప్పుకొని పోయినాడు. కంటికి కనపడి ఉండవు.

బండి మలుపు తిరిగినాక నేను ఆగలేకపోయినాను.

“అవ్వా, ఇది బాగలేదు. ఆడ పసిబిడ్డతో బాలింత కూర్చోనుండాది. నువ్వు వాడికి పాఠం నేర్పాలని ఖాళీ బండి పంపిస్తావా? నువ్వు చేసినా తప్పు తప్పే.”

ఇరవై ఏండ్లలో అవ్వను ఇంత మాట ఎప్పుడూ అనలేదు. అవ్వ నా దిక్కు చూసింది. ఆ కండ్లలో కోపం లేదు.

“తప్పే కుళ్ళాయీ,” అనింది. “పొద్దెక్కకముందే దిద్దుదాం. డ్రమ్ములు కడుగు. మోటరు వేసి పైపు పట్టుకొని ఉండు. వాడు ఎంతసేపో ఉండడు.”

తనేమో గంప తెప్పించుకొని, దాంట్లో వావిలాకు కట్ట, సాంబ్రాణి, వెల్లుల్లి, తన పాత నూలుచీర మెత్తనిది ఒకటి సర్దుకొని గడప మీద కూర్చుంది.

గూడెంలో ఏం జరిగిందో ఓబులేసు నాకు ఎప్పుడూ చెప్పలేదు. లింగమ్మ చెప్పింది.

హారన్ వింటానే బిందెలన్నీ వచ్చేసినాయంట. మామూలుగా వచ్చేవాళ్ళే కాదు, ఆ పొద్దు గుడిసెలో ఉండే బిందె, తపేలా, డబ్బా, ఏది దొరికితే అది పట్టుకొని అందరూ వచ్చినారంట. లింగమ్మ అప్పటికే మూడు రాళ్ళు పెట్టి, పెద్ద కాగు ఎక్కించి, కింద మంట వేసింది. నీళ్ళు రాగానే పోయొచ్చని. కాగు అడుగున ముందురోజు మిగిల్చిన నీళ్ళు ఒక చెంబెడు మాత్రం ఉండాయి.

ఓబులేసు కిటికీలోంచి తల బయటపెట్టి, “పద్నాలుగు ఇచ్చింది!” అన్నాడంట.

వాళ్ళకేం అర్థమవుతాది? పద్నాలుగు బిందెలనుకున్నారేమో. తొట్టి దిక్కు పోయినారు. పోయినవాళ్ళు పోయినట్టే నిలబడిపోయినారు. ఖాళీ తొట్టిని, ఓబులేసును మార్చి మార్చి చూసినారంట.

లింగమ్మ ముందుకొచ్చింది.

“నీళ్ళేవి నాయనా?”

ఆయప్ప వెనక్కి తిరిగి తొట్టిని చూసినాడంట.

“బండికేమన్నా అయిందా దోవలో? డ్రమ్ములు పడిపోయినాయా?” అని అడిగింది లింగమ్మ. అట్ల అడుగుతా ఆయప్ప మొగం దగ్గరగా చూసింది. “అయ్యో, నీకు పానం బాగలేదా ఏంది? ఇట్ల చిక్కిపోయినావేం? పొద్దున ఏమన్నా తిన్నావా? దిగు, దిగు. రవ్వంత కూర్చో.”

చెయ్యి పట్టుకొని దింపింది. నీడలో కూర్చోబెట్టింది. పొయ్యి కాడికి పోయి, కాగు అడుగున ఇంకా వేడెక్కని ఆ చెంబెడు నీళ్ళు ముంచి తెచ్చి ఆయప్ప చేతిలో పెట్టింది.

“తాగు నాయనా. కండ్లు తిరుగుతాండాయేమో నీకు. నీళ్ళదేముండాది, పురుడు రేపు చేసుకుంటాం. ఇన్నాళ్ళు ఆగినాం. నువ్వు తాగు.”

గుడిసెలోంచి పసిబిడ్డ ఏడుపు వినపడింది. అప్పుడు చూసినాడంట ఓబులేసు, రాళ్ళమీద కాగును, కింద మంటను, గుడిసె గడప కాడ మాసిన గుడ్డతో కూర్చున్న ఈరమ్మను.

ఒక్క చుక్క తాగలేదు. లేచి పోయి, కిందపడకుండా చూసుకుంటా ఆ నీళ్ళను తిరిగి కాగులో పోసినాడు. “మంట ఆర్పొద్దు అత్తా,” అన్నాడు. ఎప్పుడూ “లింగమ్మా” అనేవాడు, ఆ పూట అత్తా అన్నాడు. బండెక్కి, తలుపు కూడా సరిగా వేసుకోకుండా తిప్పుకున్నాడు.

మఠంలోకి వచ్చిన బండి నేరుగా మోటరు కాడికి పోయి ఆగింది. నేను తిట్టాలని నోరు తెరిచినాను. ఆ మొగం చూసి మూసుకున్నాను. ఇద్దరం కలిసి డ్రమ్ములు ఎక్కించినాం. పైపు పెట్టినాను. ఐదు డ్రమ్ములూ అంచుదాకా నిండినాయి. నిండినాక వంటింట్లోకి పోయి పెద్ద బిందెలు, పప్పు ఉడకేసే గుండిగ, ఏవి కనపడితే అవి తెచ్చి నింపి సందుల్లో పెట్టినాడు. జాకీ, స్టెప్నీ లోపల వేసినాడు. నా గుమ్మం ముందరుండే సీటు తెచ్చి బిగించినాడు. అవ్వకు చెయ్యిచ్చి ముందర కూర్చోబెట్టినాడు. నేను వెనక సీటులో ఎక్కినాను. ఇంతా జరుగుతుంటే గురువు గానీ శిష్యుడు గానీ ఒక్క మాట మాట్లాడలేదు. నాకా, మాట్లాడకుండా ఉంటే గొంతు దురద పెడతాది. అయినా ఆపుకున్నాను.

కొండ మొదట్లోనే ఒకామె చెయ్యెత్తింది. బుట్టలో మేకపిల్ల. ఓబులేసు ఆపినాడు, చక్కగా నిలిపి, ఆమె ఎక్కి కూర్చునేదాకా చూసి కదిలించినాడు. ఇంకో మలుపులో ఇద్దరు తొట్టిలో ఎక్కినారు. ఆ తర్వాత ఒక తాత. ఊరికే తాత కాదు, మంచంతో తాత. కూతురింటికి నులకమంచం మోసుకుపోతాండాడు. ఓబులేసు దిగి, మంచాన్ని డ్రమ్ముల మీద తాళ్ళేసి కట్టి, తాతను నా పక్కన కూర్చోబెట్టినాడు.

బండి మూలుగుతా ఎక్కుతాంది. అంత పెద్ద బండీ మొదటి గేరులో పడింది. మీటరు మీద అంకెలు కిందికి దిగుతాండాయి. నేను వెనకనుంచి చూస్తానే ఉండాను. ఇంక ఆపుకోలేకపోయినాను.

“ఏడు,” అన్నాను. “ఏడు కూడా కాదు, ఆరున్నర.”

ఓబులేసు మీటరు దిక్కు చూడలేదు. దోవ చూసుకుంటానే మెల్లగా అన్నాడు.

“ఆ కాగితంలో రాసింది అబద్ధం కాదక్కా. ఖాళీ బండి, చదును రోడ్డు, ఎక్కేవాడు లేడు, దిగేవాడు లేడు. అట్ల పోతే పద్నాలుగు వస్తాది. పొద్దున వచ్చింది కదా. ఇంత బండిలో ఇంత బరువేసి కొండెక్కిస్తే ఏడో ఎనిమిదో. ఎవరు తోలినా అంతే.”

ఒక మలుపు తిప్పినాడు.

“మా డిపోలో కూడా కొండ రూటోళ్ళకు లెక్క వేరే ఉండేది అవ్వా. వాళ్ళను మా లెక్కతో కొలిచేవాళ్ళు కాదు. నాకు తెలుసు ఆ సంగతి. నేను ఎప్పుడూ చదును రూటే చేసినాను. కొండ రూటు ఒక్కనాడు కూడా చేయలేదు.”

“ఇప్పుడు చేస్తాండావు కదా నాయనా,” అనింది అవ్వ.

గూడెం చేరేసరికి మంట అట్లనే ఉండాది. హారన్ కొట్టకుండానే అందరూ ఎదురొచ్చినారు. కాగు నిండింది. వావిలాకు పడింది. ఆ వాసన గూడెమంతా పరుచుకుంది. ఆడోళ్ళు గుడిసె వెనక చీరలు అడ్డం కట్టినారు. మగోళ్ళను దూరంగా పొమ్మన్నారు. నేను చీర ఎగ్గట్టి లింగమ్మకు సాయం పోయినాను. ఈరమ్మ తలమీద తొలి చెంబు పడగానే ఆ పిల్ల “అబ్బా” అని కండ్లు మూసుకొని నవ్వింది. ఎన్నాళ్ళ నీళ్ళో అవి. మేమంతా కూడా నవ్వినాం, ఎందుకో నాకు కండ్లనీళ్ళు కూడా వచ్చినాయి.

వేడినీళ్ళు ఇంకో బిందె తెద్దామని ఇవతలికొస్తే, ఓబులేసు బండి చక్రానికి ఆనుకొని నేలమీద కూర్చోనుండాడు. పక్కన అవ్వ. లోపలికి రమ్మని ఆడోళ్ళు పిలిచినా పోకుండా ఆయప్ప పక్కనే కూర్చుంది. ఆయప్ప అంగీ ముందరంతా తడిసుండాది, నీళ్ళు మోసి తడిసిందో, ఏడ్చి తడిసిందో నేను అడగలేదు.

“అవ్వా,” అన్నాడు. “పద్నాలుగు కోసం నేను ఈ బిడ్డ నీళ్ళు...”

అవ్వ చెయ్యి తీసి ఆయప్ప నెత్తిన పెట్టింది. అడ్డం కట్టిన చీర వెనక చెంబు మీద చెంబు పడతాంది. ఉన్నట్టుండి పసిబిడ్డ గూడెమంతా వినపడేటట్టు ఏడుపు ఎత్తుకుంది.

“ఉండు నాయనా,” అనింది అవ్వ. “బిడ్డకు పోస్తాండారు. విను.”